ఛోటానాగ్‌పుర్ విచారణల్లో వారం రోజులు

మొన్న తొమ్మిదో తరగతిలో తెగల గురించి పాఠం చెబుతుంటే వెనక బెంచీ పిల్లవాడు లేచి అడిగాడు: "సార్, గుడికి పోయి ప్రార్థన చేసేవాళ్లు మనోళ్లేనా, కాదా?" క్లాసంతా నవ్వింది. ఇద్దరు ఆడపిల్లలు మాత్రం నవ్వలేదు, తల దించుకున్నారు. వాళ్ల ఇళ్లలో ఆదివారం ప్రార్థన ఉంటుంది.

ఆ రోజు గంట కొట్టేసరికి సరైన జవాబు చెప్పలేకపోయాను. మా ఇంట్లో కూడా ఈ ప్రశ్న ఉంది. నాన్న వైపు వాళ్లు వేల్పు కొలుపు వదల్లేదు. అమ్మ వైపు కొందరు గుడికి పోతారు. భూమి పండుగ రోజున ఒక పంక్తిలో కూర్చుని తినే విషయంలో మాటామాటా పెరిగి ఒకరింటికి ఒకరు రావడం మానుకున్న సంవత్సరాలు కూడా ఉన్నాయి. అందుకే ఈ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ మనకంటే ముందు, మనకంటే పెద్ద సంఖ్యలో ఈ దారిలో నడిచిన ఆదివాసుల చరిత్ర చదివాను. వాళ్లు ఇప్పటి జార్ఖండ్‌లో ఉన్న ఛోటానాగ్‌పుర్ ఓరావ్‌లు, ముండాలు, ఖడియాలు.

ఓరావ్‌లు తమను కుడుఖ్‌లు అని చెప్పుకుంటారు. వాళ్ల కుడుఖ్ భాష మన కోయ, గోండి, కొలామి, తెలుగు భాషల కుటుంబానికే చెందింది. మనం పళ్లు అనేదాన్ని వాళ్లు 'పల్' అంటారు. కన్ను వాళ్లకు 'ఖన్'. కాకి 'ఖాఖా'. అంత దూరాన ఉన్నా వాళ్లు మనకు భాషలో చుట్టాలే. ముండారి, ఖడియా వేరే కుటుంబం భాషలు. కానీ అడవి, భూమి, సంత విషయంలో ఈ తెగలన్నిటి కష్టం ఒకటే.

భూమితో మొదలైన కథ

ఛోటానాగ్‌పుర్‌లో అడవి నరికి పొలం చేసిన కుటుంబాలకే ఆ ఊరి మీద హక్కు. ముండాలు దీన్ని ఖుంట్‌కట్టి అన్నారు. తరవాత బయటి నుంచి జమీందార్లు, ఠేకేదార్లు, వడ్డీ వ్యాపారులు వచ్చారు. వాళ్లను ఆదివాసులు 'దికు'లన్నారు. శిస్తు పెరిగింది. దాని పైన బేగారి, అంటే కూలి లేని వెట్టి, పడింది. దొర పొలం దున్నాలి, దొర మూట మోయాలి, ఆ తరవాతే తన పొలం. కోర్టుకు పోదామంటే భాష రాదు, కాగితం లేదు.

క్రైస్తవ మిషన్లు వచ్చింది ఈ కాలంలోనే. జర్మనీ నుంచి గోస్నర్ మిషన్ వాళ్లు 1845లో రాంచీ చేరారు. 1850లో మొదటి ఓరావ్‌లు జ్ఞానస్నానం తీసుకున్నారు. కతోలిక గురువులు ఆ తరవాత వచ్చారు. బెల్జియం దేశపు యేసుసభ గురువు స్టాక్‌మన్ 1869లో చాయిబాసాలో అడుగుపెట్టాడు. 1885లో కాన్‌స్టంట్ లీవెన్స్ అనే మరో బెల్జియం గురువు వచ్చి తోర్పాలో ఉన్నాడు.

లీవెన్స్ భూమి చట్టాలు, స్థానిక ఆచారాలు నేర్చుకున్నాడు. శిస్తు తగాదాలు, వెట్టి కేసులు పట్టుకుని వచ్చినవాళ్లకు కోర్టులో ఏం చెప్పాలో, ఏ రసీదు అడగాలో నేర్పాడు. ఈ మాట ఊరూరా పాకింది. నాలుగైదేళ్లలో వేల కుటుంబాలు కతోలిక మతంలో చేరాయి. ఊళ్లకు ఊళ్లు కలిసి వచ్చాయి. అనుకున్న సాయం అందక కొందరు తిరిగి వెళ్లిపోయారు కూడా. లీవెన్స్‌కు క్షయ సోకింది. స్వదేశానికి వెళ్లి 1893లో 37 ఏళ్ల వయసులో చనిపోయాడు.

ఆదివాసులు మతం మారింది పాలపొడికో బట్టలకో ఆశపడి అని తేలిగ్గా చెప్పేవాళ్లు ఉన్నారు. పొలం పోతున్న మనిషి తన పక్కన నిలబడే మనిషిని వెతుక్కున్నాడు అన్నది దానికన్నా నిజానికి దగ్గర. విశ్వాసం కొందరికి ముందు వచ్చింది, కొందరికి తరవాత కుదిరింది. మనిషి మనసులో ఏది ముందో పక్కవాడు తేల్చలేడు.

విచారణ అంటే ఏమిటి?

ఒక గురువు చూసుకునే ఊళ్లన్నిటినీ కలిపి కతోలికులు తెలుగులో 'విచారణ' అంటారు. ఛోటానాగ్‌పుర్‌లో ఒక విచారణ అంటే పదుల కొద్దీ పల్లెలు. మధ్యలో పెద్ద గుడి, బడి, పిల్లల హాస్టలు, మఠకన్యల ఇల్లు, మందులిచ్చే గది. పల్లెల్లో చిన్న ప్రార్థన మందిరాలు. గురువు పూర్వం గుర్రం మీద లేదా నడిచి, తరవాత సైకిలు మీద పల్లెలు తిరిగేవాడు. ఒక్కో పల్లెకు అతను వచ్చేది ఎప్పుడో ఒకసారి.

మరి మిగిలిన రోజుల్లో ఎవరు నడిపారు? ప్రచారక్. అంటే ఉపదేశి. అతను ఆ ఊరివాడే, నాగలి పట్టేవాడే. సాయంత్రం అందరినీ కూర్చోబెట్టి ప్రార్థన చెప్పించేవాడు. పిల్లలకు జపాలు, అక్షరాలు నేర్పేవాడు. జబ్బుపడినవాళ్ల దగ్గర కూర్చునేవాడు. చావు వస్తే గురువుకు కబురు పంపేవాడు. చరిత్ర పుస్తకాల్లో లీవెన్స్ పేరు ఉంటుంది, ఈ ప్రచారక్‌ల పేర్లు చాలావరకు ఉండవు. కానీ విచారణ నిలబడింది వాళ్ల భుజాల మీదే.

సంత రోజు, ఆదివారం

మన ఏజెన్సీలో లాగే అక్కడ కూడా వారాన్ని సంతతోనే లెక్కపెట్టేవాళ్లు. ఫలానా ఊరి 'హాట్' ఏ రోజో తెలిస్తే చాలు, వారం తెలిసినట్టే. లక్క, మహువా పువ్వు, ధాన్యం అమ్మి ఉప్పు, బట్ట, కుండ తెచ్చుకునేది ఆ రోజే. చుట్టాలు కలిసేది, సంబంధాలు మాట్లాడుకునేది కూడా అక్కడే.

విచారణ ఈ వారంలోకి ఆదివారాన్ని తెచ్చింది. దూరపు పల్లెలవాళ్లు చీకటితో బయలుదేరి, పిల్లల్ని వీపున కట్టుకుని గుడికి నడిచేవాళ్లు. పాపసంకీర్తనం చెప్పుకోవాలనుకున్నవాళ్లు ముందే చేరేవాళ్లు. గుడిలో ఒక పక్క ఆడవాళ్లు, ఒక పక్క మగవాళ్లు నేల మీద కూర్చునేవాళ్లు. 1960ల దాకా పూజ లాటిన్‌లో జరిగేది. గురువు చదివేది జనానికి అర్థమయ్యేది కాదు. జనం జపమాల చెప్పుకుంటూ, తమకు తెలిసిన పాటలు పాడుకుంటూ ఉండేవాళ్లు. 1962 నుంచి 1965 దాకా జరిగిన రెండో వాటికన్ మహాసభ తరవాత పూజ ప్రజల భాషల్లోకి వచ్చింది. హిందీ, సాద్రీ, కుడుఖ్, ముండారి, ఖడియా భాషలు గుడిలో వినిపించాయి. మాందర్ డోలు, నగారా కూడా లోపలికి వచ్చాయి.

పూజ అయ్యాక ఎవరూ వెంటనే ఇంటికి పోరు. చెట్టు కింద అసలు సభ మొదలవుతుంది. ఎవరి కేసు ఎంతవరకు వచ్చింది, ఎవరి ఎద్దు చచ్చింది, ఎవరి పిల్ల హాస్టల్లో చేరాలి, తేయాకు తోటలకు వెళ్లినవాళ్ల నుంచి ఉత్తరం వచ్చిందా అనే మాటలు. వెట్టికి ఎప్పుడు పిలుస్తారో తెలియని మనుషులకు వారంలో ఒక రోజు దొర కోసం కాకుండా తమ కోసం కూడుకోవడం చిన్న విషయం కాదు.

మిగతా రోజులకూ వరస ఉంది. తపస్సుకాలంలో శుక్రవారం సిలువ మార్గం. చాలా ఇళ్లలో వంట చేసేటప్పుడు ఒక పిడికెడు బియ్యం పక్కన పెట్టేవాళ్లు. అది పోగుచేసి గుడికో, లేనివాళ్లకో ఇచ్చేవాళ్లు. కొత్త వడ్లు వచ్చాక నవాఖానీ పండుగకు మొదటి కంకులు పూజలో అర్పిస్తారు. మన కొత్తల పండుగ గుర్తుకు రాదా? నవంబరు 2న సమాధులు శుభ్రం చేసి కొవ్వొత్తులు పెడతారు. పెద్దల్ని మరిచిపోని తెగకు ఆ రోజు పరాయిదిగా అనిపించలేదు.

వడ్ల గాదె, భూమి చట్టం

యోహాన్ హాఫ్‌మన్ అనే జర్మనీ గురువు సర్వదాలో ముండాల మధ్య ఏళ్ల తరబడి ఉన్నాడు. ముండారి భాషను, ఆచారాలను, భూమి పద్ధతిని వివరంగా రాశాడు. సహచరులతో కలిసి ముండారి విజ్ఞాన సర్వస్వం తయారుచేశాడు. 1909లో సహకార పరపతి సంఘం పెట్టాడు. దాంతోపాటు పల్లెల్లో ధాన్ గోలాలు వచ్చాయి. పంట రాగానే సభ్యులు గాదెలో వడ్లు పోస్తారు. వానాకాలంలో తిండి, విత్తనం లేనివాళ్లు అప్పు తీసుకుంటారు. పంట వచ్చాక కొద్దిగా కలిపి తిరిగి పోస్తారు. వడ్డీ వ్యాపారి గడప తొక్కే పని తప్పింది. మన దగ్గర గిరిజన సహకార సంస్థ వచ్చింది 1956లో అని గుర్తు చేసుకుంటే ఆ పని విలువ తెలుస్తుంది.

1908లో ఛోటానాగ్‌పుర్ కౌలుదారీ చట్టం వచ్చింది. ఆదివాసుల భూమి బయటివాళ్లకు పోకుండా అది కట్టడి చేసింది, ఖుంట్‌కట్టి హక్కును గుర్తించింది. మనకు 1917 ఏజెన్సీ చట్టం, 1959 నిబంధనలు, 1970 నాటి 1/70 ఎలాంటివో వాళ్లకు ఇది అలాంటిది. ఆ చట్టం వెనక హాఫ్‌మన్ కృషి ఉంది. అయితే అది ఒక పాదిరీ ఇచ్చిన వరం అనుకుంటే పొరపాటు. అంతకు ముందు సర్దారీ పోరాటం ఏళ్ల తరబడి నడిచింది. బిర్సా ముండా నడిపిన ఉల్‌గులాన్ 1899-1900లో జరిగింది. బిర్సా 1900 జూన్ 9న రాంచీ జైల్లో చనిపోయాడు. ఆ రక్తం చిందకపోతే ప్రభుత్వం కదిలేదా?

ఇంకో నిజం కూడా దాచకూడదు. బిర్సా చిన్నప్పుడు మిషన్ బడిలోనే చదివి, తరవాత ఆ దారి వదిలాడు. 1899 క్రిస్మస్ ముందు రాత్రి అతని అనుచరులు మిషన్ గుళ్ల మీద బాణాలు వేశారు. హాఫ్‌మన్ ఉన్న సర్వదా వాటిలో ఒకటి. ఒక ఊరివాళ్లకు అండగా కనిపించిన మిషన్, ఇంకో ఊరివాళ్లకు తెల్లదొరల పక్కన నిలబడినట్టు కనిపించింది. రెండు చూపులూ ఆదివాసుల చూపులే.

పోయినవి, మిగిలినవి

తొలి తరం మిషనరీలు సర్నా తోపులో బలుల్ని, అఖ్రాలో యువతీయువకుల నృత్యాన్ని వద్దన్నారు. పిల్లలు పాట, పని, తెగ నీతి నేర్చుకునే ధుంకుడియా క్రైస్తవ పల్లెల్లో మూతపడింది. బడి వచ్చింది నిజమే. కానీ ధుంకుడియా నేర్పింది బడి నేర్పలేదు. తరవాతి తరాలు మాందర్‌ను గుడిలోకి తెచ్చుకోగలిగాయి గాని, పోయిన పాటలన్నీ తిరిగి రాలేదు.

మిగిలినవీ ఉన్నాయి. ఇంటిపేరు మార్చుకోలేదు. ఎక్కా అంటే తాబేలు. మింజ్ అంటే చేప. ఖెస్ అంటే వడ్లు. ఒకే గోత్రంలో పెళ్లి చేసుకోకూడదన్న నియమం గుడికి వెళ్లేవాళ్లలోనూ నిలిచింది. మన కోయల్లో ఒకే గట్టులో పెళ్లి కుదరదు అన్నట్టే.

కొత్తగా పుట్టినవీ ఉన్నాయి. 1897లో బెర్నదెత్ ప్రసాద్ కిస్పోట్టా అనే ఓరావ్ అమ్మాయి, మరో ముగ్గురు తోడు రాగా, రాంచీలో సెయింట్ ఆన్ కుమార్తెల సభ మొదలుపెట్టింది. అప్పటికి ఆమెకు ఇరవై ఏళ్లు కూడా లేవు. ఆడపిల్ల పెళ్లి కాకుండా ఉండటమే వింతయిన కాలంలో వాళ్లు పల్లెల్లో బడులు నడిపారు, రోగుల్ని చూశారు. 1950లకు రాంచీ పీఠం మీద నికోలస్ కుజూర్ అనే ఆదివాసీ కూర్చున్నాడు. 2003లో తెలెస్ఫోర్ టొప్పో కార్డినల్ అయ్యాడు. 1971 యుద్ధంలో ప్రాణమిచ్చి పరమవీరచక్ర పొందిన ఆల్బర్ట్ ఎక్కా కూడా ఈ నేల మీద పుట్టిన ఓరావ్ క్రైస్తవుడే.

తగాదా ఇంకా ముగిసిపోలేదు. 2013లో రాంచీ దగ్గర ఒక గుడిలో మరియతల్లి విగ్రహానికి ఎర్ర అంచు తెల్లచీర కట్టించి, బిడ్డను ఆదివాసీ తల్లిలా ఎత్తుకున్నట్టు నిలిపారు. సర్నా సంఘాలు వీధిలోకి వచ్చాయి. మా గుర్తుల్ని మీరు తీసుకుంటున్నారని వాళ్లన్నారు. మేమూ ఆదివాసులమే, ఆ చీర మా అమ్మలదీ అని వీళ్లన్నారు. ఇద్దరి మాటలోనూ బాధ ఉంది.

మన పిల్లలకు చెప్పాల్సింది

ఇప్పుడు ఆ వెనక బెంచీ పిల్లవాడికి నా జవాబు ఇది. చట్టం ప్రకారం 1950 నాటి షెడ్యూల్డ్ తెగల ఉత్తర్వులో మతం షరతు లేదు. వేల్పును కొలిచినా, గుడికి పోయినా తెగ తెగే. చట్టం కన్నా ముందు చరిత్ర కూడా అదే చెబుతుంది. తెగను నిలబెట్టింది భూమి, భాష, గోత్రం, ఒకరి కష్టానికి ఒకరు వెళ్లడం. ఇవి పోయినచోట వేల్పుల గుడి ఉన్నా తెగ మిగల్లేదు. ఇవి ఉన్నచోట ఆదివారం ప్రార్థన ఉన్నా తెగ చెదరలేదు.

అలాగే గుడికి వెళ్లే పిల్లలకూ ఒక మాట. అమ్మమ్మ పాడిన పాట పాపం కాదు. దాన్ని నేర్చుకోండి. ఓరావ్‌లు పోగొట్టుకున్నాక వెతుక్కున్నారు, మనం పోగొట్టుకోకముందే దాచుకుందాం.

తోటి ఉపాధ్యాయులకు ఒక చిన్న పని చెబుతాను. మీ తరగతి పిల్లలతో తమ ఊరి వారాన్ని రాయించండి. సంత ఏ రోజు, ఎవరు ఏం అమ్ముతారు, ప్రార్థన ఎక్కడ, కొలుపు ఎప్పుడు, పూజారి ఎవరు, ఉపదేశి ఎవరు, ఇంటి భూమికి పట్టా ఉందా లేదా. మా బడిలో ఈ పని మొదలుపెట్టాం. ఆ ఇద్దరు ఆడపిల్లల్లో ఒకామె తన తాత గురించి రాసుకొచ్చింది. ఆయన ఊళ్లో ఉపదేశి. విత్తనాల పండుగ రోజున వడ్లు అడగడానికి పూజారి ఇప్పటికీ మొదట ఆయన గడపకే వస్తాడట. క్లాసులో గట్టిగా చదివించాను. ఈసారి ఎవరూ నవ్వలేదు.