వెజైనిస్మస్ చికిత్స

సంభోగానికి ప్రయత్నించినప్పుడు యోని చుట్టూ ఉన్న కండరాలు స్త్రీ ప్రమేయం లేకుండానే బిగుసుకుపోవడం వెజైనిస్మస్. 1860ల తొలినాళ్లలో అమెరికన్ వైద్యుడు మారియన్ సిమ్స్ ఈ పేరు పెట్టి, కోతతో నయం చేయాలని చూశాడు. అమెరికన్ మానసిక వైద్యుల సంఘం రుగ్మతల నిర్ధారణ గ్రంథం, 2013 నాటి డీఎస్ఎం-5, దీన్ని సంభోగపు నొప్పితో కలిపి ఒకే రుగ్మతగా లెక్కించింది.

మొదట గైనకాలజిస్టు పరీక్షించి ఇన్ఫెక్షన్, ఎండోమెట్రియోసిస్ వంటివి ఉన్నాయేమో చూస్తారు. వ్యక్తిగత థెరపీలో భయం గురించి మాట్లాడించి, కటి కండరాలను బిగించి వదలడం నేర్పుతారు. ఆ తర్వాత డైలేటర్లు, అంటే యోనిలో పెట్టుకునే వేర్వేరు సైజుల నున్నని కడ్డీలు. అన్నిటికన్నా సన్నని దానికి లూబ్రికెంటు రాసి, నెమ్మదిగా ఊపిరి వదులుతూ, ఆమె తన చేత్తోనే పెట్టుకుంటుంది. దానికి అలవాటు పడ్డాకే తర్వాతి సైజు. తొందరపెడితే కండరం మళ్లీ బిగుస్తుంది.

జంట థెరపీకి అమెరికన్ సెక్స్ పరిశోధకులు మాస్టర్స్, జాన్సన్‌ల 1970 నాటి పుస్తకం బాట వేసింది. వారి సెన్సేట్ ఫోకస్ పద్ధతిలో కొంతకాలం సంభోగం నిషేధం. మొదటి దశలో రొమ్ములు, జననాంగాలు వదిలి మిగతా ఒంటిని వంతులవారీగా తాకడమే ఇంటి అభ్యాసం. చిత్రంగా, ఆ నిషేధమే ఎందరికో ఊరట. పెళ్లయిన ఏడాదికే "విశేషమేమైనా ఉందా?" అని అడిగే మన ఇళ్లలో నింద కోడలి మీదే పడుతుంది కాబట్టి, భర్త కూడా థెరపీకి రావడం అవసరం. సాధారణంగా వెజైనిస్మస్‌కు ఆపరేషన్ అక్కర్లేదు.