మాచ్నూర్ రేడియో, సంఘం షాట్

వార్తను, బొమ్మను, మాటను ఎవరు, ఎవరి కోసం, ఏ కోణం నుంచి తయారుచేశారో గ్రహించగలగడాన్ని మీడియా అక్షరాస్యత అంటారు. అది చదువుకున్నవారికే అబ్బుతుందన్న నమ్మకాన్ని జహీరాబాద్ ప్రాంతపు దళిత మహిళల చరిత్ర వమ్ము చేసింది. 1983లో మొదలై పస్తాపూర్ కేంద్రంగా పనిచేసిన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఊరూరా కూడగట్టిన సంఘాలలో బడికి నోచుకోని కూలీలు, సన్నకారు రైతులే ఎక్కువ. మెట్టనేలల్లో జొన్న, సజ్జ, కంది కలిపి పండించే విద్య, ఏటికేడు విత్తనం దాచే విద్య వారి చేతుల్లోనే ఉన్నా, రేడియో ముందు వారు వినేవారే తప్ప చెప్పేవారు కారు.

1990ల చివర యునెస్కో తోడ్పాటుతో అదే ప్రాంతంలోని మాచ్నూర్ ఊళ్లో వీరి కోసం స్టూడియో సిద్ధమైంది గాని, ప్రసారానికి అనుమతి దొరకలేదు. 1885 టెలిగ్రాఫ్ చట్టం వల్ల ప్రసారం ప్రభుత్వ గుత్తాధికారంలో ఉండేది. వాయుతరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి సభ్యులుగా ఉన్న సుప్రీంకోర్టు ధర్మాసనం తేల్చినా, స్వచ్ఛంద సంస్థలకు కమ్యూనిటీ రేడియో, అంటే స్థానికులే నడుపుకొనే చిన్న కేంద్రం, తెరవడానికి 2006 దాకా దారి ఏర్పడలేదు. ఆ జాప్యం అన్యాయమే. అయినా మహిళలు ఆగలేదు; కార్యక్రమాలను క్యాసెట్లలో రికార్డు చేసి, సంఘం కూర్చున్న చోటికే తీసుకుపోయి వినిపించారు. చివరికి 2008 అక్టోబరు 15న, సంఘం మహిళలైన ఆల్గోల్ నరసమ్మ, జనరల్ నరసమ్మల నిర్వహణలో సంఘం రేడియో గాలిలోకి వచ్చింది.

అంతకన్నా లోతైన మార్పు కెమెరా పట్టిన చేతుల్లో జరిగింది. వీడియో నేర్చిన ఈ మహిళలు మనిషిని పైనుంచి చూపే కోణాన్ని ఊరి దొర చూపుగా పటేల్ షాట్ అని, కిందినుంచి తలెత్తి చూసేదాన్ని బానిస షాట్ అని, కళ్లకు సరిసమానంగా నిలిపేదాన్ని, సంఘంలో అందరూ నేలమీద ఒకే ఎత్తున కూర్చుంటారు గనుక, సంఘం షాట్ అని పిలుచుకున్నారు. కోణంలోనే అధికారం దాగి ఉంటుందన్న ఈ ఎరుకను వారు పుస్తకం నుంచి కాక, పటేల్ వాకిట నిలబడిన బతుకు నుంచి తెచ్చుకున్నారు. ఆ ఎరుకతోనే, 2002లో జన్యుమార్పిడి చేసిన బీటీ పత్తికి దేశంలో అనుమతి వచ్చాక వారు వరంగల్ రైతుల పొలాల్లోకి వెళ్లి, పెట్టిన పెట్టుబడిని, చేతికొచ్చిన దిగుబడిని రైతుల నోటనే చెప్పించి చిత్రంగా మలిచారు.