మేస్త్రి – మాస్టారు

మా చిన్ననాట విజయనగరమున మా యింటి గోడ లేపిన మేస్త్రి తాతవయసువాడు. అయినను అతడు రాగానే "మేస్త్రి వచ్చాడు" అంటిమి. మీసమైన సరిగా రాని మా బడిపంతులును జూచి "మాస్టారు వచ్చారు" అంటిమి. ఈ రెండును ఒకే మాటయని అప్పుడు మేమెరుగము.

మూలము లాటినులోని 'మాగిస్తెర్'. 'మాగిస్' అనగా 'ఎక్కువగా' అని అర్థము. ఇతరులకంటె ఎక్కువవాడు మాగిస్తెర్. ఐరోపాలో ఈ మాట ఇంటికొక రూపు దాల్చినది. జర్మనుల 'మైస్టర్' పరీక్ష నెగ్గి పేరుపొందిన చేతిపనివాడు. బహువచనమునను ఆ మాట మారదు; ముందు నిలుచు చిన్న పదమే ఒకడో పలువురో తెలుపును. ఇటలీవారి 'మాయెస్త్రో' సంగీతాచార్యుడు, చిన్నబడి పంతులును. పలువురైన 'మాయెస్త్రి', స్త్రీయైన 'మాయెస్త్రా'. ఫ్రెంచివారు న్యాయవాదిని 'మేత్ర్' అని గౌరవముగ పిలుతురు. ఇంగ్లీషున 'మాస్టర్' తేలికపడి 'మిస్టర్' అయి, పేరునకు ముందు మర్యాదగా మిగిలినది.

మనకీ మాట రెండు త్రోవల చేరినది. పోర్చుగీసువారి 'మెస్త్రె' మేస్త్రి అయినది. తాపీపనివారి పెద్దనేగాక, ఒకప్పుడు ఈ తీరమునుండి రంగూనుకు కూలీలను కూర్చి తీసికొనిపోయినవానిని గూడ ఆ పేరనే పిలిచిరి. ఇంగ్లీషు 'మాస్టర్' బడులతో వచ్చినది. దాని చివరి 'రు' మన చెవికి 'వారు', 'గారు'లలోని గౌరవమువలె తోచినది కాబోలు. దీర్ఘము చేరి 'మాస్టారు' అయినది, క్రియయు బహువచనమైనది.

అటుపై ఆ మాట బడిగోడలు దాటినది. విజయనగర సంగీత కళాశాలలో చదివిన ఘంటసాల, సినిమా సంగీతమున పేరొంది 'ఘంటసాల మాస్టారు' అయినారు. ఇటలీవారి అర్థము మనకును తెలియకయే దక్కినది. శ్రీకాకుళమున 1997లో కథానిలయమును నెలకొల్పిన కాళీపట్నం రామారావుగారు, బడిలో కూర్చొననివారికి గూడ 'కారా మాస్టారే'.

మేస్త్రి మాత్రము ఏకవచనముననే నిలిచినాడు. ఇటుకపై ఇటుక పేర్చువాడును, అక్షరముపై అక్షరము పేర్చువాడును ఒకే తల్లిబిడ్డలు. వ్యాకరణము ఒకనికిచ్చిన 'రు' రెండవవానికి బాకీపడినది. ఆ తాతకు మేమది తీర్చలేకపోతిమి. శ్రోతలు తమ వాకిట నిలిచిన పనివానిని "మేస్త్రిగారూ" అని పిలిచిన, తెలుగునకు లోటు రాదు. పాత బాకీ కొంత తీరును.