ఉపశమన వైద్య బృందాల పుట్టుక

"ఇక మేము చేయగలిగినది ఏమీ లేదు, ఇంటికి తీసుకొనిపొండి" అనే మాట ఆసుపత్రి వరండాలలో తరచు వినబడుతూ ఉంటుంది. ఈ ఒక్క మాటలో రెండు విషయాలు కలిసిపోయి ఉన్నవి. వ్యాధిని నయం చేయలేమన్నది మొదటిది. అది అనేక సందర్భాలలో నిజమే. రోగికి చేయవలసినది ఏమీ మిగలలేదన్నది రెండవది. అది నిజం కాదు. నొప్పి, ఆయాసం, వాంతులు, నిద్రలేమి, భయం మొదలైన బాధలను తగ్గించే విద్య ఒకటి ఉన్నది. దానినే ఉపశమన వైద్యం అంటారు. పాలియేటివ్ కేర్ అన్నా ఇదే. ఈ విద్య మొదట ఆసుపత్రికి వెలుపల పెరిగి, తరువాతనే ఆసుపత్రిలో అడుగుపెట్టినది. అది ఎట్లు జరిగినదో తెలుసుకొందాం.

వెలుపల పెరిగిన విద్య

మధ్యయుగాల ఐరోపాలో బాటసారులకు, యాత్రికులకు, రోగులకు ఆశ్రయమిచ్చే గృహాలు ఉండేవి. అవి మన సత్రాల వంటివి. వాటిని హాస్పిస్‌లు అనేవారు. 19వ శతాబ్దంలో ఈ పేరుకు కొత్త అర్థం వచ్చినది. ఆనాటి ఆసుపత్రులు పెక్కు, నయం కాని రోగులను చేర్చుకొనడానికి ఇష్టపడేవి కావు. అట్టివారి కొరకు 1842లో ఫ్రాన్సు దేశపు లియోన్ నగరంలో జాన్ గార్నియే అనే వితంతువు ఒక సంఘాన్ని స్థాపించినది. 1879లో డబ్లిన్‌లోను, 1905లో లండన్‌లోను క్రైస్తవ సన్యాసినులు హాస్పిస్‌లను నెలకొల్పినారు.

ఈ గృహాలలో దయకు కొదువ లేదు. కొదువ ఉన్నది శాస్త్రానికే. నల్లమందు నుండి మార్ఫిన్‌ను జర్మన్ దేశీయుడు జెర్ట్యూర్నర్ 19వ శతాబ్దారంభంలోనే వేరు చేసినాడు. అయినా నూరేళ్లు దాటిన తరువాత కూడా వైద్యులు దానిని వాడడానికి జంకేవారు. రోగి దానికి అలవాటు పడునేమో అనే భయంతో, నొప్పి భరించరానిదైనప్పుడు మాత్రమే ఇచ్చేవారు.

సిసిలీ సాండర్స్ కృషి

ఈ పద్ధతిని మార్చిన వ్యక్తి ఇంగ్లండుకు చెందిన సిసిలీ సాండర్స్ (1918–2005). ఆమె మొదట నర్సు. వెన్నునొప్పి వలన ఆ పని మాని, ఆసుపత్రిలో సాంఘిక సేవకురాలైనది. పోలండు నుండి వచ్చిన డేవిడ్ టాస్మా అనే యువకుడు 1948లో కాన్సర్‌తో మరణిస్తూ, ఆమె స్థాపించదలచిన గృహంలో ఒక కిటికీ కొరకు 500 పౌన్లు ఆమెకు విడిచిపోయినాడు. ఆ కిటికీ చుట్టూ ఇల్లు లేవడానికి 19 సంవత్సరాలు పట్టినది. ఈ మధ్య ఆమె వైద్యవిద్య చదివి 1957లో డాక్టరు పట్టం పొందినది. 1958 నుండి లండన్‌లోని సెయింట్ జోసెఫ్స్ హాస్పిస్‌లో రోగుల బాధలను శ్రద్ధగా పరిశీలించి, వివరాలు నమోదు చేసినది.

ఆమె పద్ధతిలోని కీలకం చాలా సరళమైనది. నోటి ద్వారా ఇచ్చిన మార్ఫిన్ ద్రావణం సుమారు 4 గంటల సేపు పనిచేస్తుంది. నొప్పి తిరిగి వచ్చిన తరువాతనే మందు ఇస్తే, అది రక్తంలో తగిన మోతాదుకు చేరేవరకు రోగి బాధపడవలసినదే. రేపటి నొప్పిని తలచుకొని నేడే భయపడతాడు. ఆ భయం నొప్పిని పెంచుతుంది. అట్లు కాక, గడియారం ప్రకారం 4 గంటలకు ఒకసారి, నొప్పి రాకముందే ఇస్తే, తగు మోతాదుతోనే రోగి తెలివిగా, తేలికగా ఉండగలడు. దీపం ఆరిన తరువాత చీకటిలో నూనె వెదకుట కంటె, ఆరకముందే పోయుట మేలు కదా!

నొప్పి శరీరానికి మాత్రమే చెందినది కాదని కూడా ఆమె చెప్పినది. దేహబాధ, మనోవేదన, కుటుంబ చింత, ఆధ్యాత్మిక వేదన అన్నీ కలిసినదే రోగి అనుభవించే "సమగ్ర బాధ" అన్నది. కనుక ఒక్క డాక్టరు చాలడు. నర్సు, సాంఘిక సేవకులు, మత బోధకులు కలిసి పనిచేయవలెను. బృందం అనే భావానికి బీజం ఇదియే. 1967లో లండన్‌లో 54 పడకలతో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ ప్రారంభమైనది.

ఆసుపత్రిలో ప్రవేశం

ఇక్కడ ఒక చిక్కు వచ్చినది. 54 పడకలు ఎందరికి చాలును? పాశ్చాత్య నగరాలలో ఎక్కువమంది చనిపోయేది హాస్పిస్‌లలో కాదు, పెద్ద ఆసుపత్రులలో. అక్కడనే ఈ విద్య లేకపోయినది.

కెనడాలోని మాంట్రియల్ నగరపు రాయల్ విక్టోరియా ఆసుపత్రిలో బాల్ఫర్ మౌంట్ అనే శస్త్రవైద్యుడు ఉండేవాడు. తన ఆసుపత్రిలో మరణాసన్నుల స్థితి ఎట్లున్నదో 1973లో ఆయన విచారణ జరిపించగా, వారి అవసరాలు ఏమాత్రం తీరడం లేదని తేలినది. ఆయన సెయింట్ క్రిస్టఫర్స్‌కు వెళ్లి పని చూసి వచ్చి, 1975 జనవరిలో తన ఆసుపత్రిలోనే ఒక విభాగాన్ని ప్రారంభించినాడు. దానికి పేరు పెట్టుటలో ఒక ఇబ్బంది కలిగినది. ఫ్రెంచి మాట్లాడే ఆ నగరంలో హాస్పిస్ అంటే అనాథలను, దరిద్రులను పడవేసే చోటు అనే అర్థం ఉన్నది. అందుచేత మౌంట్ "పాలియేటివ్ కేర్" అనే పేరు ఎన్నుకొన్నాడు. లాటిన్‌లో పాలియం అనగా పైవస్త్రం. చలిని తొలగించలేకపోయినా చలిలో ఉన్నవానికి దుప్పటి కప్పవచ్చును కదా! ఆ పేరే ప్రపంచమంతటా నిలిచినది.

మాంట్రియల్ విభాగంలో మూడు అంగాలుండేవి: ఒక వార్డు, ఇంటికి వెళ్లి చూసే సేవ, ఇతర వార్డులకు వెళ్లి సలహా ఇచ్చే బృందం. అది పరిశోధనకు కూడా స్థానమైనది. ఆ రోజులలో బ్రిటిష్ హాస్పిస్‌లు "బ్రాంప్టన్ మిశ్రమం" అనే మందు ఇచ్చేవి. అందులో మార్ఫిన్ లేక హెరాయిన్, కొకెయిన్, మద్యసారం, పాకం ఉండేవి. ఆ మిశ్రమానికి ఏదో ప్రత్యేక శక్తి ఉన్నదని నమ్మకం. నొప్పి శాస్త్రంలో ప్రసిద్ధుడైన రోనాల్డ్ మెల్జాక్, మౌంట్ కలిసి, ఎవరికి ఏ మందు ఇస్తున్నదీ రోగికి గాని పరిశీలకునికి గాని తెలియనీయకుండా పరీక్ష జరిపినారు. మార్ఫిన్ ఒక్కటే ఇచ్చినా ఫలితం అంతేనని 1979లో ప్రకటించినారు. దయతో మొదలైన పని కొలతకు నిలబడే శాస్త్రమైనది.

పడకలు లేని బృందం

తరువాతి మెట్టు మరింత విశేషమైనది. న్యూయార్కులోని సెయింట్ లూక్స్ ఆసుపత్రిలోను, లండన్‌లోని సెయింట్ థామస్ ఆసుపత్రిలోను 1970–80 దశకంలో వార్డే లేని బృందాలు ఏర్పడినవి. సెయింట్ థామస్ బృందాన్ని నడిపినది థెల్మా బేట్స్ అనే రేడియో చికిత్సా నిపుణురాలు. రోగి తన వార్డులో, తన డాక్టరు క్రిందనే ఉంటాడు. ఆ డాక్టరు పిలిచినప్పుడు బృందం వచ్చి, రోగిని పరీక్షించి, మందుల మోతాదు సూచించి, కుటుంబంతో మాట్లాడి, వార్డు నర్సులకు పద్ధతి నేర్పి వెళ్లుతుంది.

దీనిలో లాభం స్పష్టం. కొద్దిమంది ఆసుపత్రి అంతటినీ చూడగలరు. పైగా ఇతర వైద్యులకు చదువు చెప్పినట్లూ అవుతుంది. కష్టమూ అంత స్పష్టమే. ఈ బృందానికి సలహా చెప్పే అధికారమే గాని ఆజ్ఞాపించే అధికారం లేదు. పిలవకపోతే రాలేదు. పిలుచుట ఓటమిని ఒప్పుకొనుట అని భావించే వైద్యుడు చివరి రోజు వరకు పిలవడు. ఈ చిక్కు నేటికీ పూర్తిగా తీరలేదు.

లెక్కలు తెలిపిన నిజం

బ్రిటన్‌లో 1987లో ఉపశమన వైద్యం ప్రత్యేక వైద్యశాఖగా గుర్తింపు పొందినది. అమెరికాలో 1995లో ఒక పెద్ద అధ్యయనం ఫలితాలు వెలువడినవి. 5 బోధనాసుపత్రులలో 9,000 మందికి పైగా తీవ్ర రోగులను అందులో పరిశీలించినారు. స్పృహతో ఉండి మరణించిన రోగులలో సగం మంది తమ చివరి దినాలలో కనీసం సగం కాలం మధ్యరకం లేక తీవ్రమైన నొప్పి అనుభవించినారని వారి కుటుంబాలు చెప్పినవి. శిక్షణ పొందిన నర్సుల ద్వారా రోగుల కోరికలను డాక్టర్లకు తెలియజేసినా పరిస్థితి మెరుగు కాలేదు. సమాచారం అందించుట మాత్రమే చాలదని, ఆసుపత్రి ఏర్పాటే మారవలెనని పలువురు గ్రహించినారు. 50 పడకలు మించిన అమెరికా ఆసుపత్రులలో 2000లో నాలుగింట ఒకవంతుకు లోపుగానే ఇట్టి బృందాలుండగా, 2019 నాటి నివేదికలో అవి 72 శాతానికి చేరినవి.

2010లో బోస్టన్ నుండి మరొక ఫలితం వచ్చినది. ముదిరిన శ్వాసకోశ కాన్సర్ గల 151 మంది రోగులను రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు సాధారణ చికిత్సతో పాటు ఆరంభం నుండే ఉపశమన వైద్యం కూడా ఇచ్చినారు. ఆ జట్టువారిలో దిగులు తగ్గినది, జీవనం మెరుగైనది. అంతేకాక మధ్యస్థ జీవితకాలం రెండవ జట్టులో 8.9 నెలలు కాగా, వీరిలో 11.6 నెలలైనది. బాధ తగ్గించుట అనగా ఆశ వదలుకొనుట అనే అపోహకు ఇది గట్టి సమాధానం.

మన దేశంలో

ప్రపంచ ఔషధ పరిశ్రమ కొరకు చట్టబద్ధంగా నల్లమందు పండించే దేశాలలో మనది ఒకటి. అయినా 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం తరువాత ఆసుపత్రులకు మార్ఫిన్ దొరకుట దుర్లభమైనది. అనేక లైసెన్సుల బెడద దీనికి కారణం. 2014లో చట్టాన్ని సవరించి ఆ నిబంధనలను సడలించినారు. 1993లో కాలికట్ వైద్య కళాశాలలో ఎం. ఆర్. రాజగోపాల్, సురేష్ కుమార్ ప్రారంభించిన చికిత్సాలయం కేరళ అంతటికీ మార్గదర్శి అయినది. హైదరాబాదులోని ఎం.ఎన్.జె. కాన్సర్ ఆసుపత్రిలో కూడా ఉపశమన వైద్య విభాగం పనిచేస్తున్నది.

అయినా చేయవలసినది చాలా ఉన్నది. ఏటా 5 కోట్ల 68 లక్షల మందికి ఈ వైద్యం అవసరమని, అందులో సుమారు 14 శాతం మందికే అందుతున్నదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. దీనికి ఖరీదైన యంత్రాలు అక్కరలేదు. చౌకయైన మందు, శిక్షణ పొందిన కొద్దిమంది మనుష్యులు, వారిని వేళకు పిలిచే వైద్యుడు ఉంటే చాలును. మన ఇంటిలోగాని పొరుగునగాని "ఇక చేయగలిగినది ఏమీ లేదు" అనే మాట వినబడినప్పుడు, "నొప్పి తగ్గించేవారు ఈ ఆసుపత్రిలో ఎవరున్నారు?" అని అడుగుట నేర్చుకొందాం. పాఠశాలలో విజ్ఞానం చదివిన ప్రతివారూ అడగదగిన ప్రశ్న ఇది.