పాత సీడీలు ఇందులో ఆడతాయా?

1982 చివర్లో అమెరికా బొమ్మల దుకాణాల్లో ఒక వింత పరిస్థితి. అటారీ కంపెనీ కొత్తగా దింపిన 5200 అనే వీడియో గేమ్ యంత్రంలో అదే అటారీ వాళ్ల పాత కార్ట్రిడ్జ్‌లు పట్టవు. పట్టాలంటే పోటీ కంపెనీ కొలెకో దగ్గరికి వెళ్లాలి. ఆ కంపెనీ యంత్రం కొలెకోవిజన్ ముందు భాగంలో తగిలించుకునే అదనపు డబ్బా ఒకటి విడిగా అమ్మేవారు. అది పెట్టుకుంటే అటారీ పాత యంత్రం 2600 ఆటలు హాయిగా ఆడుకోవచ్చు. నిజానికి ఆ డబ్బాలో ఉన్నది 2600కి అచ్చు నకలే.

అటారీకి ఒళ్లు మండి కోర్టుకెక్కింది. చివరికి కొలెకో లైసెన్సు రుసుము కట్టేలా రాజీ కుదిరింది. మరుసటి ఏడాది అటారీ కూడా 5200 కోసం అలాంటి అడాప్టర్ తెచ్చింది. తీరా చూస్తే మొదట్లో అమ్మిన నాలుగు పోర్టుల 5200 యంత్రాల్లో చాలావాటికి అది సరిపడదు, లోపల మార్పులు చేయించుకోవాలి. తొందరపడి ముందు కొన్నవాడికే రెండు దెబ్బలన్నమాట.

అమెరికా తల్లిదండ్రుల కోపం అర్థం చేసుకోదగ్గదే. 2600 యంత్రం 1977లో 199 డాలర్లకు వచ్చింది. ఐదేళ్లలో ఒక్కో ఇంట్లో పోగుపడిన కార్ట్రిడ్జ్‌ల ఖరీదు ఆ 199ని ఎప్పుడో దాటేసింది. కొత్త యంత్రానికి పెట్టే దాదాపు 270 డాలర్ల కంటే అటకెక్కబోయే ఆటల విలువే ఎక్కువ. ఈ లెక్క కంపెనీలకూ బాగా తెలుసు. వీడియో గేమ్‌ల వ్యాపారంలో యంత్రం మీద లాభం తక్కువ, ఒక్కోసారి నష్టం. డబ్బంతా ఆటల మీదే వస్తుంది. అందుకే పాత ఆటలను ఆడనివ్వడం వాళ్లకు ఎటూ తేలని బేరం. యంత్రం విడుదలైన కొత్తలో ఆటలు తక్కువ కాబట్టి పాతవి ఆడితే జనం ధైర్యంగా కొంటారు. రెండేళ్లు గడిచాక అవే పాత ఆటలు కొత్తవాటి అమ్మకాలకు అడ్డు.

1991లో అమెరికాకు సూపర్ నింటెండో వచ్చినప్పుడూ ఇదే గొడవ. 199 డాలర్ల ఆ యంత్రంలోని ప్రాసెసర్‌కు పాత నింటెండో ప్రాసెసర్‌లా పనిచేసే పద్ధతి ఒకటి పుట్టుకతోనే ఉంది. కానీ బొమ్మలు గీసే చిప్, శబ్దాల చిప్ వేరు. పాత ఆటలు ఆడించాలంటే వాటినీ లోపల పెట్టాలి, ఖర్చు పెరుగుతుంది. నింటెండో ఆ పని చేయలేదు. సెగా కంపెనీ మాత్రం తన జెనెసిస్ యంత్రానికి విడిగా ఒక కన్వర్టర్ అమ్మింది. జెనెసిస్‌లో శబ్దాల పని కోసం పెట్టిన చిప్, సెగా పాత యంత్రమైన మాస్టర్ సిస్టమ్‌కు ప్రధాన ప్రాసెసర్‌గా పనిచేసిన రకమే. కన్వర్టర్ తగిలిస్తే అది తన పాత ఉద్యోగంలో చేరిపోయేది.

అదే కాలంలో మన ఊళ్లలో కథ వేరు. అసలు నింటెండోని చూసినవాళ్లు ఎంతమంది? సమురాయ్, లిటిల్ మాస్టర్ లాంటి పేర్లతో ఇళ్లలోకి వచ్చినవి, 1983లో జపాన్‌లో 14,800 యెన్లకు నింటెండో విడుదల చేసిన ఫామికామ్‌కు నకళ్లు. కార్ట్రిడ్జ్ అనే మాట ఎవరూ వాడలేదు, అందరికీ అది కేసెట్టే. పెట్టె మీద లక్షల ఆటలని రాసి ఉండేది, లోపల పదో పాతికో ఆటలే పేర్లు మార్చుకుని తిరిగేవి. ఆ లక్షల ఆటల మోసాన్ని మా తరం మనస్ఫూర్తిగా క్షమించేసింది లెండి.

అయితే ఫామికామ్ కేసెట్‌కు 60 పిన్నులు, అమెరికాలో అమ్మిన నింటెండో కేసెట్‌కు 72. దాంతో అమెరికా నుంచి బాబాయి ప్రేమగా తెచ్చిన అసలు కేసెట్ మన నకిలీ యంత్రంలో దూరేది కాదు. కోఠీలోనో, విజయవాడ బీసెంట్ రోడ్డులోనో కొన్న పసుప్పచ్చ కేసెట్ మాత్రం జంకూ గొంకూ లేకుండా నడిచేది. నింటెండో కూడా ఈ పిన్నుల తేడాతో తంటాలు పడింది. అమెరికాలో మొదట్లో అమ్మిన గైరోమైట్ అనే ఆట కేసెట్లు కొన్ని విప్పి చూస్తే లోపల జపాన్ బోర్డు, దానికి 60 నుంచి 72కి మార్చే చిన్న కన్వర్టర్ కనిపిస్తాయి.

మరి బాబాయి ఏకంగా యంత్రమే తెస్తే? అమెరికా యంత్రాలు 120 వోల్టులవి, మన ప్లగ్గులో 230. చూసుకోకుండా పెడితే అంతే సంగతులు. కాబట్టి ముందు ఇటుక రాయంత బరువున్న స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి కొనాలి. తర్వాత టీవీ. అక్కడి యంత్రం ఇచ్చేది ఎన్‌టీఎస్‌సీ సిగ్నల్, మన పాత టీవీలు పాల్ రకం. బొమ్మ నలుపు తెలుపులో రావడమో, పైకీ కిందికీ దొర్లడమో జరిగేది. ఇవి దాటితే డిస్కుల దగ్గర ఇంకో అడ్డు. అమెరికా ప్లేస్టేషన్ 2లో ఇక్కడ కొన్న పాల్ ఆట ఆడదు. డీవీడీ సినిమాలదీ అదే వరస: అమెరికా 1వ రీజియన్, మనది 5. ఇన్ని తిప్పలెందుకని చాలామంది మెకానిక్ దగ్గర చిప్ వేయించేసేవారు. ఊరికే వచ్చిన బహుమతికి అలా ఖర్చు మొదలయ్యేది.

ప్లేస్టేషన్ 2 పేరు వచ్చింది కాబట్టి దాని దగ్గర కాస్త ఆగాలి. ఈ చరిత్రలో పాతనీ కొత్తనీ అంత తెలివిగా కలిపిన యంత్రం నాకు తెలిసి మరొకటి లేదు. 2000 మార్చి 4న జపాన్‌లో 39,800 యెన్లకు, అక్టోబరులో అమెరికాలో 299 డాలర్లకు వచ్చింది. మొదటి ప్లేస్టేషన్‌ను నడిపిన ప్రాసెసర్‌ను సోనీ ఇంజినీర్లు ఇందులోనూ పెట్టారు, కానీ ఊరికే కూర్చోబెట్టలేదు. కొత్త ఆట నడిచేటప్పుడు కంట్రోలర్లు, మెమరీ కార్డుల పని చూసుకునేది అదే. పాత డిస్కు పెడితే మళ్లీ ప్రధాన పాత్రలోకి వస్తుంది. ఉన్న చిప్‌తోనే రెండు పనులు జరిగిపోయాయి కాబట్టి పాత ఆటల కోసం కొనేవాడి మీద పడిన అదనపు భారం దాదాపు ఏమీ లేదు. పాత కంట్రోలరూ, పాత మెమరీ కార్డూ కూడా ఆ ఆటలకు పనికొచ్చేవి. పైగా డీవీడీ ప్లేయర్ కలిసొచ్చింది. 15 కోట్లకు పైగా అమ్ముడుపోయిందంటే ఆశ్చర్యమేముంది?

ప్లేస్టేషన్ 3 దగ్గర ఈ కిటుకు పారలేదు. 2006లో సోనీ వాడిన సెల్ అనే ప్రాసెసర్‌కూ పాతదానికీ పొత్తు లేదు. అందుకని మొదటి మోడళ్లలో పీఎస్2 చిప్‌లను ఉన్నవి ఉన్నట్టు తెచ్చి బోర్డు మీద అతికించారు. ఒకే పెట్టెలో రెండు కాపురాలు! 60 జీబీ మోడల్ ధర 599 డాలర్లు. దాన్ని తయారుచేయడానికే 840 డాలర్ల దాకా అవుతోందని, విడిభాగాలు విప్పి లెక్కగట్టే ఐసప్లై సంస్థ అంచనా వేసింది. అంటే అమ్మిన ప్రతి యంత్రం మీదా నష్టమే. ఇక కోతలు మొదలయ్యాయి. 2007 మార్చిలో యూరప్‌కు వచ్చిన మోడల్‌లో పీఎస్2 ప్రధాన చిప్ తీసేసి, ఆ పనిని సాఫ్ట్‌వేర్‌కు అప్పగించారు. కొన్ని ఆటలు ఆడాయి, కొన్ని మొరాయించాయి. ఆ ఏడాది చివరికి 399 డాలర్ల 40 జీబీ మోడల్ వచ్చేసరికి పీఎస్2 ఆటలకు పూర్తిగా తలుపు మూసేశారు. తమాషా ఏమిటంటే, అంతకంటే పాతవైన మొదటి ప్లేస్టేషన్ డిస్కులు మాత్రం అందులోనూ ఆడేవి. సోనీని తప్పుపట్టడం తేలికే గానీ, 200 డాలర్లు తగ్గితే జనం ఏది ఎంచుకుంటారో ఆ కంపెనీ సరిగ్గానే ఊహించింది.

ఈ కోత మనకూ తగిలింది. 2009లో హైదరాబాద్‌కు చెందిన అరోనా టెక్నాలజీస్ తయారుచేసిన ‘హనుమాన్: బాయ్ వారియర్’ను సోనీ విడుదల చేసింది. పూర్తిగా మన దేశంలోనే తయారైన తొలి ప్లేస్టేషన్ ఆటగా దానికి ప్రచారం దక్కింది. దేవుణ్ని బటన్లు నొక్కి ఆడించడమేమిటని అమెరికాలో ఒక హిందూ నేత అభ్యంతరం చెప్పడం వేరే ముచ్చట. అదే ఏడాది హైదరాబాద్ కంపెనీయే అయిన గేమ్‌శాస్త్ర, కబడ్డీ, బిళ్లంగోడు, గాలిపటాల పందేలతో ‘దేశీ అడ్డా’ చేసింది. రెండూ పీఎస్2 మీద వచ్చాయి. మధ్యతరగతికి అందుబాటులో ఉన్నది అదేగా! ఆ ఏప్రిల్‌లో అమెరికాలో పీఎస్2 ధర 99 డాలర్లకు దిగింది. సరిగ్గా ఆ సమయానికి దుకాణాల్లో ఉన్న కొత్త పీఎస్3లు పీఎస్2 డిస్కులను గుర్తించవు. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో వేలు పోసి కొన్న పీఎస్3లో, ఊళ్లోనే తయారైన హనుమంతుడి ఆట ఆడదు.

మైక్రోసాఫ్ట్ లెక్క ఇంకో రకం. 2005లో ఎక్స్‌బాక్స్ 360ని రెండు ధరల్లో పెట్టింది: 299 డాలర్ల కోర్, 399 డాలర్ల ప్రీమియం. కోర్‌లో హార్డ్ డిస్క్ లేదు. పాత ఎక్స్‌బాక్స్ ఆటలు ఆడాలంటే హార్డ్ డిస్క్ తప్పనిసరి, విడిగా కొంటే 99. మొత్తం 398. ఆ ఒక్క డాలరు మిగుల్చుకున్నవాడికి వైర్‌లెస్ కంట్రోలర్ పోయినట్టే. ఇంతా చేసి పాత ఆటలన్నీ ఆడవు, జాబితాలో ఉన్నవే ఆడతాయి. పదేళ్లకు, 2015లో, ప్లేస్టేషన్ 4 కంటే వెనకబడిన దశలో ఎక్స్‌బాక్స్ వన్‌లో 360 ఆటలు ఆడే సౌకర్యాన్ని అదే కంపెనీ ఉచితంగా ఇచ్చింది. డిస్కు పెడితే అది టికెట్టులా పనిచేసేది, ఆట మాత్రం ఇంటర్నెట్ నుంచి దిగాలి.

ఇక ఇప్పటి సంగతి. ప్లేస్టేషన్ 5 మన దేశంలో 2021 ఫిబ్రవరి 2న అమ్మకానికి వచ్చింది. అప్పట్లో డిస్కు పెట్టుకునేది 49,990 రూపాయలు, డిస్కు గాడి లేని డిజిటల్ ఎడిషన్ 39,990. రెండూ పీఎస్4 ఆటలను దాదాపు అన్నింటినీ నడపగలవు. కానీ పదివేలు ఆదా అని రెండోది కొన్నవాడి దగ్గర పీఎస్4 డిస్కులుంటే వాటిని దూర్చే చోటే లేదు. సెకండ్ హ్యాండ్‌లో కొనడం, ఆడేశాక స్నేహితుడికి ఇవ్వడం, అమ్మేయడం కూడా కుదరవు. 2024లో అమెరికాలో 699 డాలర్లకు వచ్చిన పీఎస్5 ప్రోకైతే డిస్క్ డ్రైవ్ విడిగా 79 డాలర్లు. తెచ్చి తగిలించాక ఇంటర్నెట్‌తో ఒకసారి నమోదు చేయిస్తే గానీ పనిచేయదు.

కంట్రోలర్ మాటా అడగాలి. పాత పీఎస్4 కంట్రోలర్ పీఎస్5లో పీఎస్4 ఆటలకు పనికొస్తుంది, పీఎస్5 ఆటలకు పనికిరాదు. ఇద్దరు పిల్లలున్న ఇంట్లో రెండోది కొనాల్సిందే, విడుదలనాటి ధర 5,990. ఆనాడు పెద్ద కొత్త ఆట ఒక్కటి 4,999. డబ్బా మీది 39,990కి ఈ రెండూ కలిపితే 50,979 రూపాయలు. డిస్కు మోడల్ ధర కంటే 989 ఎక్కువ, ఇంటికొచ్చింది ఒక్క ఆట.