తాడు పట్టిన చెయ్యి

1859 జూన్‌లో ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్‌లో కుక్కల పోటీ పెడితే 60 కుక్కలొచ్చాయి. పాయింటర్లు, సెటర్లు, అంతే. రెండూ వేటకుక్కలే కాబట్టి బహుమతి కూడా తుపాకీయే. తమాషా ఏమిటంటే, పాయింటర్లకు తీర్పు చెప్పినవారిలో ఒకాయన కుక్క సెటర్లలో గెలిచింది. సెటర్ల జడ్జిల్లో ఒకాయన కుక్క పాయింటర్లలో గెలిచింది! ఆ రోజుల్లో పెద్ద ఎస్టేట్లలో కుక్కల ఆలనాపాలనా జీతగాళ్లదే. కప్పు మీద పేరు మాత్రం దొరగారిది.

1873లో లండన్‌లో కెన్నెల్ క్లబ్, 1884లో అమెరికన్ కెన్నెల్ క్లబ్ పుట్టాయి. ఈ మధ్యలో, 1877లో, న్యూయార్క్‌లో మొదలైన వెస్ట్‌మినిస్టర్ షోకు తొలి ఏడాదే 1,200కు పైగా కుక్కలొచ్చాయి. అన్ని జాతుల్నీ కలిపి ఒక్కదాన్నే విజేతగా ఎంచడం అక్కడ 1907లో మొదలైంది. వారెన్ రెమెడీ అనే ఫాక్స్ టెరియర్ వరసగా మూడేళ్లు ఆ పట్టం ఎగరేసుకుపోయింది. పందెం పెరిగేసరికి జీతగాడి పనితనానికీ విలువ కట్టారు.

నన్నడిగితే యజమాని బదులు కుక్కను తయారుచేసి రింగ్‌లో చూపించే ఆ జీతగాడిని, అంటే హ్యాండ్లర్‌ని, నిలబెట్టింది టెరియర్ బొచ్చే. వైర్ ఫాక్స్ టెరియర్ వెంట్రుక గరుకుగా, తీగలా ఉండాలి. కత్తెర వేస్తే మెత్తబడుతుంది, రంగు వెలిసిపోతుంది. అందుకని ముదిరిన వెంట్రుకల్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి, కొద్దికొద్దిగా పీకాలి. మెడ దగ్గర ఎప్పుడు, వీపు మీద ఎప్పుడు అన్నది వారాల ముందే లెక్క వేసుకోవాలి. కొత్త బొచ్చు సరిగ్గా షో నాటికి ఎదిగి రావాలి మరి. వ్యాపారంలో మునిగిన యజమానికి అంత తీరికెక్కడిది?

ఇంత చేసినా రింగ్‌లో దొరికేది కొద్ది నిమిషాలే. జడ్జి ఇటు తిరిగేలోగా నాలుగు కాళ్లూ సరిగ్గా పడాలి, మెడ నిక్కాలి. జేబులో ఉడికించిన కాలేయం ముక్క ఉంటుంది. కుక్క కళ్లు ఆ చేతి మీదే. దాని నడకకు తగ్గట్టు హ్యాండ్లర్ తన పరుగు మార్చుకోవాలి. యజమాని వాసన తగిలితే కుక్క తోకాడిస్తూ అటే లాగుతుంది. అందుకే డబ్బిచ్చిన మారాజుని కనపడకుండా కూర్చోమంటారు.

ఇంగ్లండ్ నుంచి వలస వచ్చిన పెర్సీ రాబర్ట్స్ 1926, 1927, 1934, 1937లలో వెస్ట్‌మినిస్టర్ గెలిచి, 1967లో అదే షోలో తుది తీర్పరిగా నిలబడ్డాడు. హ్యాండ్లింగ్‌నే వృత్తిగా చేసుకున్న ఆడవాళ్లకు ఆ గెలుపు 1956 దాకా దక్కలేదు. ఆ ఏడాది యాన్ హోన్ రోజర్స్ తెల్లటి టాయ్ పూడుల్‌తో గెలిచింది. వృత్తి హ్యాండ్లర్లలో ఆ గెలుపు చూసిన తొలి మహిళ ఆమే. 1978లో ఆమె కూడా తుది తీర్పు చెప్పింది.

గొడవ కూడా అక్కడే మొదలు. నిన్న తాడు పట్టినవాడు నేడు జడ్జి అయితే, పాత స్నేహితుల మొహం చూసి బొట్టు పెట్టడా అని సొంతంగా కుక్కల్ని తిప్పుకునేవాళ్ల అనుమానం. అది పూర్తిగా అబద్ధమని నేననను. కానీ ఏడాదంతా వారం వారం రింగ్‌లో ఉండే చెయ్యీ, నెలకోసారి వచ్చే చెయ్యీ ఒకటి కాదు గదా. అమెరికన్ క్లబ్ కొంతకాలం హ్యాండ్లర్లకు లైసెన్సులిచ్చి 1970ల చివర్లో మానేసింది. ఇప్పుడు లెక్కంతా యజమానికీ హ్యాండ్లర్‌కీ మధ్యే: షోకింత రుసుము, కుక్క మేపుడు, దారి ఖర్చులో వాటా, గెలిస్తే పైన ఇంకొంత.

యజమానులే కుక్కల్ని చూపించే పోటీల వరసను ఆ క్లబ్ 2012లో విడిగా పెట్టింది. అందులో హ్యాండ్లర్లకే కాదు, వాళ్ల ఇంట్లో ఉండేవాళ్లకూ ప్రవేశం లేదు.

మన దేశంలో షోలకు పెద్దదిక్కు, చెన్నై కేంద్రంగా నడిచే కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా. హైదరాబాద్‌లోనూ షోలు జరుగుతుంటాయి. వెళ్తే కుక్క మీంచి ఒక్క నిమిషం చూపు తిప్పి, తాడు పట్టిన చేతిని చూడండి.