తంగేటిపువ్వు



మన ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతముల బీళ్లలో పసుపు ముద్దలవలె పూచు తంగేటిని ఎఱుగనివారు లేరు. ఎఱుగుదుమే గాని, దానిని పెరటిలో పెంచిన వారు అరుదు. ఆ చెట్టు చరిత్రమును, దానియెడ నేను చేసిన యొక తప్పును నేడు మనవి చేసెదను.

సంస్కృతమున దీనికి ఆవర్తకి యని పేరు. ఆదోని 1953 వఱకు బళ్ళారి మండలములోనిది గదా. అచ్చటి కన్నడిగులును దీనిని తంగడి యందురు. స్వీడను దేశపు వృక్షశాస్త్రజ్ఞుడు లిన్నేయసు 1753లో దీనికి చెవులు గలదను అర్థము వచ్చు లాటిను పేరు పెట్టెను. ఆకుకాడ మొదట చూడుడు: చెవితమ్మెలవంటి చిన్న యాకులు రెండు కనబడును.

పూర్వము దీని వెల పువ్వులో లేదు, చెక్కలో నుండెను. ఆ చెక్కలోని వగరు పచ్చితోలును కుళ్లనీయక గట్టిపఱచును. అట్లు పదను చేసిన మదరాసు రాజధాని తోళ్లు ఓడలపై లండనుకు వెళ్లెడివి. 1914-1918 యుద్ధమున సైనికుల బూట్లకును ఉపయోగపడెను. పిదప దక్షిణాఫ్రికాలో పెంచిన వాటిల్ అను తుమ్మజాతి చెట్టు చెక్క దిగుమతి కాగా, తంగేటి నడుగువారు తగ్గిరి. బీళ్లును పొలములగుచు వచ్చెను. చెట్టునకు చోటును తగ్గెను.

నేను బడిపంతులుగా నున్నప్పుడు ఆవరణలోని తంగేటి పొదలను కలుపని యెంచి, పిల్లలచేత త్రవ్వించి పాఱవేయించి, క్రోటను మొక్కలు నాటించితిని. ఆ వేసవిలో బావి యెండెను, క్రోటనులు మాడెను. గోడవెనుక మా కంటబడక మిగిలిన యొక తంగేడు మాత్రము పచ్చగా నిలిచెను. ఒక పిల్లవాడు, "అయ్యవారూ, దీనికి నీళ్లెవరు పోసినారు?" అని యడిగెను. నేను బదులు చెప్పలేకపోతిని.

ఉద్యోగము విరమించిన పిమ్మట నా పెరటిలో దానినే పెంచుచున్నాను. గింజ పైపొర మిక్కిలి గట్టిది. గరుకురాతిపై కొంచెము రుద్ది, ఒక రాత్రి నీట నాననిచ్చి, తొలకరిలో చెట్టు ఉండవలసిన చోటనే విత్తవలెను. తల్లివేరు లోతునకు దిగును గనుక, పెఱికి వేఱొకచోట నాటిన బ్రదుకుట కష్టము. మొదట నీరు నిలువనీయక, అప్పుడప్పుడు తడి యిచ్చిన చాలును. పసులు దీనిని తఱచు ముట్టవు.

తెలంగాణమున బతుకమ్మలో పేర్చు ఈ పువ్వు, 2014లో ఆ రాష్ట్రము ఏర్పడిన పిమ్మట రాష్ట్రపుష్పమైనది. మనము అంత చేయనక్కఱలేదు. ఈసారి గట్టు చెక్కించునపుడు ఒక్క పొదను విడువుడు. పెరటిమూల నాలుగు గింజలు వేయుడు. నేను త్రవ్వించిన పొదల ఋణము నాయొక్కని పెరటితో తీరదు.